నీటి ఒడ్డున పడవలు: పంతొమ్మిదో శతాబ్దపు ఐరిష్ చిత్రాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తీరం, నాలుగు పడవలు, మబ్బు పట్టిన ఆకాశం. ఇలాంటి పాత ఐరిష్ చిత్రం చేతికొచ్చినప్పుడు చాలామంది చూపు ముందు సంతకం మీదికే పోతుంది. మా మాట వేరు: ముందు పడవను చూడండి. ఊరు, కాలం, బొమ్మ మీద తర్వాత ఎవరెవరి చేతులు పడ్డాయన్నది, అన్నిటికీ మొదటి ఆనవాళ్లు అక్కడే దొరుకుతాయి.

ఈ చిత్రాలు వేసినవాళ్లు ఎవరు?

చాలామందే ఉన్నారు. పడవల విషయంలో ముఖ్యంగా ముగ్గురిని గుర్తుపెట్టుకోండి.

ఎడ్విన్ హేస్ (1819–1904) బ్రిస్టల్‌లో పుట్టి డబ్లిన్‌లో పెరిగాడు. కుర్రతనంలో ఓడ మీద పనికి కుదిరి అమెరికా దాకా వెళ్లొచ్చాడు. 1852లో లండన్ చేరాక నాటకాల తెరలు వేసే పనిలోనూ ఉన్నాడు. ఆయన బొమ్మల్లో ఆకాశం అంత విశాలంగా ఉండటానికి ఆ తెరల అనుభవం తోడ్పడిందని మా నమ్మకం. 1853 నాటి ఆయన చిత్రం ఒకటి డబ్లిన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఐర్లండ్‌లో ఉంది. సూర్యాస్తమయ వేళ డబ్లిన్ అఖాతంలో వలస ఓడ, దాని దగ్గరికి తెడ్లు వేసుకుంటూ చేరే చిన్న పడవ. జనాన్ని వలసబాట పట్టించిన ఐర్లండ్ మహాకరువు ముగిసీ ముగియని రోజులవి. ఈ కోవ బొమ్మల్లో ఒక్కటే చూసే వీలుంటే దీన్నే చూడమంటాం.

జార్జ్ మౌన్సీ వీట్లీ అట్కిన్సన్ (1806–1884) కార్క్ రేవు మనిషి. ఓడ వడ్రంగిగా సముద్రం మీద పనిచేసి, తర్వాత రేవులో ఓడలను, వలసవెళ్లేవాళ్లను తనిఖీ చేసే ఉద్యోగంలో చేరాడు. చిత్రకళ సొంతంగా నేర్చుకున్నాడు. ఆయన కొడుకుల్లోనూ చిత్రకారులున్నారు. ఆయన బొమ్మలో ఏ తాడు ఎక్కడ మొదలై ఎక్కడ ముడిపడుతుందో వేలు పెట్టి చూపించవచ్చు.

నథానియల్ హోన్ (1831–1917) దారి వేరు. రైల్వే ఇంజనీరుగా మొదలై 1853లో పారిస్ వెళ్లాడు. చిత్రకారుల పల్లెగా పేరున్న ఫ్రాన్స్‌లోని బార్బిజాన్ చుట్టుపక్కల ఏళ్ల తరబడి ఉండి 1872లో ఐర్లండ్ తిరిగొచ్చి, డబ్లిన్‌కు ఉత్తరాన మాలహైడ్ వైపు స్థిరపడ్డాడు. ఆయనకు పడవంటే వెడల్పాటి కుంచెతో నాలుగు గీతలే. అసలు విషయం వెలుగు, గాలి. తేదీలు వేయడం అరుదు. స్టూడియోలో మిగిలిన వందల చిత్రాలను ఆయన భార్య నేషనల్ గ్యాలరీకి రాసిచ్చింది. అందుకే హోన్ బొమ్మను పోల్చి చూసుకోవడం మిగతావాళ్ల బొమ్మలకంటే సులువు.

ఇంకా నావికాదళ అధికారి రిచర్డ్ బ్రిడ్జెస్ బీచీ, బెల్‌ఫాస్ట్ నుంచి ఆండ్రూ నికోల్ ఉన్నారు. వీరిలో నికోల్ ఎక్కువగా నీటిరంగుల్లో ఉత్తర తీరాన్ని వేశాడు.

బొమ్మలో ఉన్నది ఐర్లండ్ తీరమేనని ఎలా తేల్చుకోవాలి?

పడవ ఆకారంతో మొదలుపెట్టండి. గాల్వే అఖాతం నావకు పొట్ట ఉబ్బి, పైఅంచు దగ్గర లోపలికి ముడుచుకుంటుంది. వెనక చెక్క బాగా ఏటవాలుగా ఉంటుంది. తారు పూసిన నల్లటి ఒళ్లు, తెరచాప కట్టే కొయ్య ఒక్కటే, ఎరుపు గోధుమ రంగు తెరచాపలు. పెద్దదాన్ని బాడ్ మోర్ అంటారు, పొడవు సుమారు 10 నుంచి 13 మీటర్లు. దానికంటే చిన్నవి లెహ్‌వాడ్, గ్లోట్యోగ్. ఈ మూడింటికీ ఒక పెద్ద తెరచాప, ముందు రెండు చిన్నవి. నాలుగో రకం పూకాన్‌కు కొయ్య మీద అడ్డంగా వేలాడే వాసంతో వేరే రకం తెరచాప ఉంటుంది. పడమటి తీరంలోని కొనెమారా నుంచి ఎదురుగా ఉన్న ఆరన్ దీవులకు పీట్ గడ్డలు (పొయ్యిలోకి వాడే ఎండిన బురదమట్టి గడ్డలు) మోసింది ఈ నావలే. బొమ్మలో పడవ నిండా నల్లటి ఇటుకల్లాంటివి పేర్చి ఉంటే అవి ఆ పీట్ గడ్డలే కావచ్చు.

పడమటి తీరంలో కనిపించే రెండోది కరక్. సన్నటి చెక్క బద్దల చట్రం మీద తారు పూసిన గుడ్డ కప్పిన తేలిక పడవ ఇది. పాతకాలంలో గుడ్డకు బదులు పశువుల తోలు ఉండేది. దీని తెడ్డు చివర వెడల్పు దాదాపు ఉండదు. ఒడ్డుకు చేరాక ముగ్గురు నలుగురు దాన్ని బోర్లించి తలల మీద మోసుకుపోతారు. కరక్ తెడ్డు చివర గరిటెలా వెడల్పుగా గీసి ఉంటే, ఆ చిత్రకారుడు కరక్‌ను దగ్గర నుంచి చూడలేదని అనుమానించాలి.

ఆ తెరచాపల ఎరుపు చిత్రకారుడి కల్పన కాదు. గుడ్డ కుళ్లకుండా ఓక్ బెరడు కషాయంలోనో, ఇండియా, బర్మాల నుంచి ఓడల్లో దిగుమతయ్యే కాచులోనో నానబెట్టేవాళ్లు. మన తాంబూలంలోని కాచే అది. అందుకే ఆ తెరచాపలు కొత్తగా ఉన్నప్పుడు ముదురుగా, ఎండకు ఎండేకొద్దీ నారింజ వైపుకు తిరుగుతూ కనిపిస్తాయి. ఒకే బొమ్మలో రెండు మూడు ఛాయలు ఉండటం మంచి పరిశీలనకు గుర్తు.

ఇక తప్పు గుర్తులు. పడవ రెండు పక్కలా చేపరెక్కల్లా వేలాడే పెద్ద చెక్కలుంటే అది చాలావరకు డచ్ నావే. లోతు తక్కువ నీళ్లకోసం అడుగు చదునుగా కట్టి, గాలికి పక్కకు జారకుండా ఆ చెక్కలు దించుతారు. ఐరిష్ జాలరి పడవలకు ఆ అలవాటు లేదు. ఐరిష్ పేరుకు గిరాకీ ఉంది కాబట్టి డచ్, ఇంగ్లిష్ తీరాల బొమ్మలకు గాల్వే పేరో, డబ్లిన్ దగ్గరి హౌత్ రేవు పేరో తగిలించి అమ్మడం జరుగుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. హేస్ కార్న్‌వాల్ తీరాన్నీ, ఇతర దేశాల రేవుల్నీ వేశాడు. కాబట్టి బొమ్మ నిజంగా ఆయనదే అయినా చోటు ఐర్లండ్ కాకపోవచ్చు.

సూర్యుడి దిక్కు కూడా చూడండి. డబ్లిన్ తూర్పు తీరం. అక్కడ సముద్రపు అంచున, నీళ్ల మీద సూర్యుడుంటే అది ఉదయం. సాయంత్రమైతే సూర్యుడు నగరం వెనక్కి, నేల వైపు దిగాలి. పడమటి వైపున్న గాల్వే, క్లేర్ తీరాల్లో దీనికి తిరగేసి.

తేదీ లేని బొమ్మకు కాలం ఎలా కట్టాలి?

బొమ్మలోని కట్టడాలు ముందుగా పనికొస్తాయి. డబ్లిన్ దక్షిణ ఒడ్డున రైలు కనిపిస్తే 1834 డిసెంబరు తర్వాతిదే, ఎందుకంటే డబ్లిన్–కింగ్స్‌టౌన్ లైను అప్పుడే తెరిచారు. కార్క్ దగ్గర బ్లాక్‌రాక్ కోట 1827లో కాలిపోయింది, 1829కల్లా తిరిగి కట్టారు. ఇప్పుడున్న ఆకారంలో కనిపిస్తే 1829కి ముందుదని అనలేం. నైరుతి తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న ఫాస్ట్‌నెట్ రాతి మీద దీపస్తంభం మొదట వెలిగింది 1854లో.

బొమ్మ వెనక అంటించిన చీటీ మీది ఊరి పేరు కూడా సాయపడుతుంది. డబ్లిన్ దగ్గరి డన్ లీరీ రేవును 1821లో రాజు నాలుగో జార్జ్ వచ్చి వెళ్లాక కింగ్స్‌టౌన్ అన్నారు, 1920లో మళ్లీ పాత పేరు పెట్టారు. కార్క్ దగ్గరి రేవు ఊరు కోవ్ 1849లో విక్టోరియా రాణి రాకతో క్వీన్స్‌టౌన్ అయింది, అదీ 1920ల తొలినాళ్లలో మారింది. అయితే చీటీ రాసిన కాలం వేరు, బొమ్మ వేసిన కాలం వేరు. 1830ల బొమ్మకు 1880లో ఎవరో చీటీ అంటించి ఉండవచ్చు.

చేపల పడవల ఒంటి మీద అక్షరం, అంకె ఉంటే భూతద్దంతో చదవండి. ఇప్పుడు తెలిసిన రిజిస్ట్రేషన్ పద్ధతి 1868 చట్టంతో స్థిరపడింది. డి అంటే డబ్లిన్, జి అంటే గాల్వే, సి అంటే కార్క్. పీ ఎల్ కనిపిస్తే ఆ పడవ మ్యాన్ దీవిలోని పీల్ రేవుది. ఆ దీవి పడవలు వేటకు ఐరిష్ జలాల్లోకి వచ్చేవి కాబట్టి అది కనబడినంత మాత్రాన బొమ్మ ఐర్లండ్‌ది కాదనకండి.

రంగుల సంగతి ప్రయోగశాల తేలుస్తుంది. రంగులో ఏ మూలకాలున్నాయో చెప్పే ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ పరీక్షలో ఆకాశంలోని తెలుపులో టైటానియం దొరికితే, ఆ చోట రంగు వేసింది సుమారు 1920 తర్వాతే. అది మొత్తం బొమ్మ కావచ్చు, చిన్న మరమ్మతు కావచ్చు. అందుకని ఒక్క చోట కాక కనీసం నాలుగైదు చోట్ల చూడమని అడగండి. విరిడియన్ ఆకుపచ్చకు పేటెంట్ 1859లో వచ్చింది. కాబట్టి 1840 అని రాసి ఉన్న బొమ్మలో నీళ్ల నీడల్లో అది తగిలితే ఆ తేదీని అనుమానించాలి. రంగు నింపే తగరపు ట్యూబు 1841లో వచ్చింది. ఒడ్డునే కూర్చుని తైలవర్ణాలు వేయడం ఆ తర్వాతే సులువైంది.

వెనక వైపు ఏం చూడాలి?

గోడ నుంచి దించి, మెత్తటి దుప్పటి మీద ఫ్రేము అంచులు ఆనేలా బోర్లించండి. రంగు పొర దేనికీ తగలకూడదు. ముందు వైపు రంగు పెచ్చులు లేచి ఉంటే అసలు బోర్లించవద్దు, నిలబెట్టే చూడండి.

కాన్వాస్ మీద రంగుల వ్యాపారి ముద్ర ఉందా? లండన్ విన్సర్ అండ్ న్యూటన్ 1832లో మొదలైంది, 1882లో లిమిటెడ్ కంపెనీ అయింది. ముద్రలో లిమిటెడ్ అని ఉంటే కాన్వాస్ 1882కి ముందుది కాదు. చట్రం మూలల్లో చిన్న చెక్క చీలికలు ఉంటాయి, మూలకు రెండు చొప్పున ఎనిమిది. వదులైన కాన్వాస్‌ను బిగించడానికి అవి. పోయినవాటి స్థానంలో కొత్తవి పెట్టించండి కానీ మీరే సుత్తితో కొట్టకండి. పాత కాన్వాస్ అంచు పెళుసుబారి మేకుల దగ్గర చిరుగుతుంది.

వెనక ఇంకో కొత్త గుడ్డ అతికించి కనిపిస్తే లైనింగ్ చేశారని అర్థం. అప్పుడు మేకులు, కొన్నిసార్లు చట్రం కూడా కొత్తవే ఉంటాయి. స్టేపుల్ పిన్నులు చూసి నకిలీ అని తేల్చేయడం తొందరపాటు.

ప్రదర్శన చీటీలను ఎట్టి పరిస్థితిలోనూ పీకకండి. డబ్లిన్‌లోని చిత్రకారుల సంస్థ రాయల్ హైబర్నియన్ అకాడమీ 1826 నుంచి ఏటా ప్రదర్శనలు పెట్టింది. చీటీ మీది అంకె, పేరు, చిత్రకారుడి చిరునామా ఆ ఏటి కేటలాగుతో సరిపోవాలి. అకాడమీ భవనం 1916 ఈస్టర్ తిరుగుబాటులో కాలిపోయింది, అప్పుడు గోడల మీదున్న చిత్రాలూ బూడిదయ్యాయి. కాబట్టి పాత కాగితం ముక్క ఏది మిగిలినా విలువైనదే.

సంతకం ఉంటే చాలదా?

చాలదు. పదింతలు పెద్దగా చూపే భూతద్దంతో చూడండి. బొమ్మతోపాటే వేసిన సంతకంలో పగుళ్లు సంతకాన్ని కూడా చీల్చుకుపోతాయి. తర్వాత చేర్చిన సంతకం అయితే రంగు ఆ పాత పగుళ్లలోకి దిగి నిండి ఉంటుంది. చీకటి గదిలో అతినీలలోహిత దీపం వేస్తే పాత రెసిన్ వార్నిష్ పచ్చగా మెరుస్తుంది. సంతకం ఆ మెరుపుపైన నల్లగా తేలితే వార్నిష్ వేశాక రాసిందే.

ఆకాశం పచ్చబడింది. ఇంట్లో శుభ్రం చేయవచ్చా?

దుమ్ము వరకే. బొమ్మను నిలబెట్టి, మెత్తటి పొడి కుంచెతో పై నుంచి కిందికి తేలికగా దులపండి. రంగు పెచ్చు ఒక్కటి లేచినా అక్కడితో ఆపండి.

తడిగుడ్డ వద్దు. కాన్వాస్‌కు రంగుకంటే ముందు జిగురు పూస్తారు. నీరు పగుళ్లలోంచి దిగితే ఆ జిగురు ఉబ్బుతుంది, గుడ్డ ముడుచుకుంటుంది, ముడుచుకోలేని రంగు పెచ్చులుగా లేస్తుంది. సగం కోసిన బంగాళాదుంపతో రుద్దమనే చిట్కా కూడా తడిగుడ్డ లాంటిదే, పైగా పిండి పదార్థం పగుళ్లలో మిగిలి బూజుకు మేతవుతుంది. అవిసె నూనె పూస్తే రెండు రోజులు మెరుస్తుంది. ఏళ్లు గడిచాక గోధుమరంగు తోలులా గట్టిపడి, కింది రంగును ముట్టుకోకుండా దాన్ని తీయడం దాదాపు సాధ్యం కాదు.

పచ్చబడినది చాలావరకు రంగు కాదు, వార్నిష్. మాస్టిక్, డామర్ వంటి రెసిన్లు వయసుతో పసుపు తేలతాయి. నీలి ఆకాశం ఆకుపచ్చగా, తెల్లని మబ్బు తేనెరంగులో, మధ్యాహ్నం సాయంత్రంలా కనిపిస్తుంది. ఫ్రేము అంచు కప్పిన పట్టీ దగ్గర వెలుతురు తగలని రంగుతో పోల్చండి, తేడా తెలుస్తుంది.

దాన్ని తీయడం పాత చిత్రాలను బాగుచేసే సంరక్షకుల పని. వాళ్లు ముందు అంచున, గోరంత చోట, దూది పుల్లతో పరీక్షిస్తారు. మీరు వాళ్లను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: నల్లటి పడవ ఒంటి మీద విడిగా పరీక్ష చేశారా? ఆ కాలంలో ముదురు గోధుమ నీడల కోసం బిట్యుమెన్ అనే తారు లాంటి రంగు వాడేవారు. వార్నిష్‌ను కరిగించే ద్రావకమే దాన్నీ కరిగిస్తుంది. ఆకాశంలో భద్రంగా పనిచేసిన ద్రావకం పడవ దగ్గరికొచ్చేసరికి బొమ్మనే తినేస్తుంది.

పడవల నీడల్లో మాత్రం వెడల్పాటి పగుళ్లు ఎందుకు?

అదే బిట్యుమెన్. అది పూర్తిగా ఎండదు. పైపొర ముందు గట్టిపడి, కింద మెత్తగా ఉన్నది కదిలినప్పుడల్లా మొసలి చర్మంలా విచ్చుకుంటుంది. మాస్టిక్ వార్నిష్‌ను నూనెతో కలిపి వాడే మెగిల్ప్ కూడా ఇలాంటి ఇబ్బందే తెస్తుంది. ఈ పగుళ్లను వెనక్కి కలపలేం. వేడి తగలకుండా చూస్తే ముదరకుండా ఉంటాయి.

కొయ్యలున్నాయి, తాళ్లు లేవు. చిత్రకారుడు వదిలేశాడా?

హోన్ అయితే వదిలేసి ఉండవచ్చు. హేస్, అట్కిన్సన్ బొమ్మల్లో తాళ్లు లేకపోతే ఎవరో గట్టిగా రుద్దారని ముందు అనుమానించండి. తాళ్లు చివరగా, పలచటి రంగుతో, కొన్నిసార్లు రెసిన్ కలిపిన రంగుతో గీస్తారు. శుభ్రం చేసేటప్పుడు మొదట పోయేవి అవే. భూతద్దంలో కాన్వాస్ నేత గుంతల్లో మాత్రం ముక్కలు ముక్కలుగా నల్లని చుక్కలు వరుసగా కనిపిస్తే అక్కడ ఒకప్పుడు తాడుంది. మరోవైపు, తాళ్లు మరీ నల్లగా, ఒకే మందంలో, ఎక్కడా తెగకుండా ఉంటే తర్వాత ఎవరో గీసి ఉంటారు. అవి తెరచాపను సరైన చోట పట్టి ఉంచుతున్నాయా, గాలిలో ముగిసిపోతున్నాయా చూడండి. మరమ్మతు చేసినవాళ్లకు చాలాసార్లు పడవలు తెలియవు.

ఈ ఒక్క పరిశీలన మీద ధర బాగా మారుతుంది.

నీటిరంగుల బొమ్మకు జాగ్రత్తలు వేరా?

పూర్తిగా వేరు. తైలవర్ణానికి 200 లక్స్ (వెలుతురు కొలత) దాకా ఫరవాలేదు, నీటిరంగులకు 50 దాటకూడదు. కిటికీ పక్క గోడ మీద పగలు వేలల్లో ఉంటుంది. వెలిసిన రంగు తిరిగి రాదు. నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఐర్లండ్ తన టర్నర్ నీటిరంగుల చిత్రాలను జనవరిలో మాత్రమే చూపే సంప్రదాయం పాటిస్తుంది, ఏడాదిలో వెలుతురు బాగా తక్కువగా ఉండే నెల కాబట్టి. అదే గ్యాలరీలో ఫ్రెడరిక్ విలియం బర్టన్ 1864లో వేసిన ప్రసిద్ధ నీటిరంగుల చిత్రాన్ని తలుపులున్న పెట్టెలో ఉంచి వారంలో కొద్ది గంటలే తెరుస్తారు. ఇంట్లో మనం చేయగలిగింది ఏడాదిలో కొన్ని నెలలు గోడ మీద, మిగతా కాలం చీకటి అల్మరాలో ఉంచడం.

కాగితం మీద గోధుమ చుక్కలుంటే బ్లీచ్ జోలికి పోకండి. వెనక పెట్టిన మామూలు అట్టను తీయించి, ఆమ్లం లేని అట్ట పెట్టించండి. కాగితానికీ గాజుకూ మధ్య 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి.

గోడ మీద ఎక్కడ వేలాడదీయాలి?

వంటింటి గోడ, పొయ్యి పైభాగం, ఏసీ గాలి నేరుగా తగిలే చోటు, వాన కొట్టే బయటి గోడ వద్దు. తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉండటం మేలు. 65 దాటి నిలిచిపోతే బూజు మొదలవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో 70 దాటే రోజులే ఎక్కువ. రాత్రి ఏసీ వేసి పగలు ఆపడం వల్ల తేమ రోజూ ఎక్కి దిగుతుంది, స్థిరంగా కాస్త ఎక్కువ ఉండటంకంటే అదే చెరుపు. ఫ్రేము వెనక కింది మూలల్లో రెండు కార్కు ముక్కలు అంటిస్తే గోడకూ బొమ్మకూ మధ్య గాలి ఆడుతుంది. ఒక మేకుకు బదులు రెండు కొక్కేలు వాడండి.

ఐర్లండ్‌లో కొన్నది ఇండియాకు తేవచ్చా?

టికెట్టు తీసుకునే ముందు రెండు వైపుల చట్టాలూ చూసుకోవాలి. ఐర్లండ్ నుంచి పాత చిత్రాలను బయటికి పంపడానికి ఎగుమతి లైసెన్సు అవసరం పడవచ్చు, అమ్మిన వేలం సంస్థనే అడగండి. మన వైపు 1972 పురావస్తువుల చట్టం ఉంది. వందేళ్లు నిండిన చిత్రం దాని కింద పురావస్తువు అవుతుంది, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం నుంచి ఎగుమతి చేయకూడదు. అంటే తెచ్చాక తిరిగి తీసుకెళ్లడం కష్టం. నాలుగేళ్లలో మళ్లీ డబ్లిన్ వెళ్లే ఆలోచన ఉంటే అక్కడే ఉంచడం మంచిది. తేవాలనే అనుకుంటే ముందుగా కస్టమ్స్‌ను, భారత పురావస్తు శాఖను రాతపూర్వకంగా అడగండి. కొనుగోలు రసీదు, ఐరిష్ కాగితాలు జీవితకాలం దాచండి.

ప్యాకింగ్‌లో ఎక్కువమంది చేసే తప్పు బబుల్ ర్యాప్‌ను నేరుగా రంగుకు తగిలేలా చుట్టడం. వేడికి ఆ బుడగల గుండ్రటి ముద్రలు వార్నిష్ మీద పడిపోతాయి. మూలలకు అట్ట తొడుగులు పెట్టి, బొమ్మ ముఖానికి తగలకుండా గట్టి అట్ట కట్టి, ఆ పైన బుడగలు బయటివైపు ఉండేలా చుట్టండి. గాజు ఉంటే దాని మీద టేపు అడ్డంగా నిలువుగా అంటించండి, పగిలినా ముక్కలు కాగితాన్ని కోయవు. పెట్టె మీద నిలువుగా ఉంచాలని బాణం గుర్తు వేయండి.

కొనేముందు అమ్మేవారిని ఏమడగాలి?

అంతకుముందు ఎవరి దగ్గర ఉంది, ఏ కాగితాలున్నాయి, లైనింగ్ ఎప్పుడు చేశారు, రంగు నింపిన చోట్లు ఎన్ని. ఇవన్నీ స్థితి నివేదికలో రాసివ్వమనండి. అతినీలలోహిత కాంతిలో తీసిన ఫొటో ఒకటి, ఫ్రేము లేకుండా వెనక వైపు ఫొటో ఒకటి, పడవల దగ్గరి ఫొటోలు రెండు అడగండి. కేటలాగులో చిత్రకారుడి పూర్తి పేరు ఉందా, లేక ఆయనదిగా భావిస్తున్నది, ఆయన శైలిలోది అని ఉందా చూడండి. ఈ మూడింటికీ ధర తేడా చాలా ఎక్కువ.

అసలు చిత్రాలు ఎక్కడ చూడవచ్చు?

డబ్లిన్ మెరియన్ స్క్వేర్‌లోని నేషనల్ గ్యాలరీ 1864 నుంచి తెరిచి ఉంది, శాశ్వత సేకరణకు ప్రవేశం ఉచితం. హేస్, హోన్ ఇద్దరినీ ఒకే రోజు పోల్చుకోవచ్చు. అట్కిన్సన్ 1842లో వేసిన, కార్క్ రేవులోకి వస్తున్న చక్రాల ఆవిరి ఓడ చిత్రం అక్కడి క్రాఫర్డ్ ఆర్ట్ గ్యాలరీది. ఆ భవనంలో పునర్నిర్మాణ పనులు చేపట్టారు కాబట్టి తెరిచి ఉందో లేదో చూసుకుని వెళ్లండి. ఉత్తరాన బెల్‌ఫాస్ట్ అల్‌స్టర్ మ్యూజియం. ఏ గ్యాలరీలోనూ అన్ని చిత్రాలూ ఒకేసారి గోడల మీద ఉండవు, ఫలానా బొమ్మ కోసమే వెళ్తుంటే ముందు ఈమెయిల్ రాసి అడగండి. నీటిరంగులూ గీతచిత్రాలూ చూడాలంటే ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిల్ తీసుకెళ్లండి.